బండికి చేతులు

జేసీబీ గంటకి పన్నెండొందలు,
అదీ రెండు గంటలకి తక్కువైతే రానంటాడు.
మా పేడదిబ్బ గంటన్నర పని.
ఆ అరగంట కాడ మొదలైంది ఇదంతా.

బంగారుపాళ్యెం దాటి మొగిలి ఘాటు ఎక్కకముందు
ఎడంపక్క రేకులషెడ్డు దస్తగిరిది.
బోరు గొట్టాలకి అతుకులేస్తాడు,
మామిడికాయల లారీలకి కొక్కేలు చేస్తాడు.
నేను చెప్పిందంతా విని, మొహమ్మీది నల్లద్దం పైకెత్తి
"ఇరవైరెండు గుర్రాల బండికి ఏనుగుతొండం కావాల్నా?" అన్నాడు.
కాదని మాత్రం అన్లేదు.
సుద్దముక్క కోసం ఎతుకులాడినాడు.

గచ్చు మీద గీసినాం మొదట, అసలు కొలతకి,
బండిని పక్కన నిలబెట్టి.
రెండు వెదురుకట్టెలు, కీళ్లకి సైకిల్ ట్యూబు ముక్కలు.
ఎత్తితే ఎంత ఎత్తు, చాపితే ఎంత దూరం,
చక్రం తిప్పితే తగుల్తాదా.
తగిలింది. చెరిపినాం. మళ్లీ తగిలింది.
మూడోరోజు ఆయన కూతురు రుక్సానా,
పది పరీక్షలకి చదూకుంటా ఉండే పిల్ల,
లెక్కలపెట్టెలోంచి వృత్తలేఖిని తెచ్చి
ఆ గీతల నడుమ గొంతుక్కూర్చుని
"కీలు ఈడ కాదు, జానెడు వెనక్కి" అనింది.
అంతే. మేం రెండు దినాలు మాట్లాడుకోలేదు దాని గురించి.

పలమనేరు గుజిరీలో దొరికినాయి జాకీలు,
ఒకటి టిప్పరుది, ఒకటి దేనిదో అమ్మినోడికే తెలీదు.
కవలలని చెప్పి అంటగట్టినాడు.
షెడ్డుకి తెచ్చి చాపి చూస్తే
అర అంగుళం తేడా.
ఆ అర అంగుళానికే బొచ్చె ఒకపక్కకి మూతి తిప్పుకునింది,
పెండ్లిలో వరస తప్పి వడ్డించిన బంధువు మాదిరి.
పొడుగుదాని కడుపులో ఇనుప ఉంగరమొకటి దూర్చి
దస్తగిరి దాన్ని దారికి తెచ్చినాడు.

"బరువు ముక్కు మీద పెట్టద్దు," అన్నాడు మరొకనాడు,
"ఇంజనుకి నడుమిరుగుతాది.
వెనక ఇరుసు దాకా పట్టాలు లాగాల,
మోసేది ఎప్పుడూ ఎనక ఉండేదే."
నేను పట్టా పట్టుకుని నిలబడినా.
నిప్పురవ్వలు కాళ్లమీద పడతా ఉంటే
చెంగమ్మ గుర్తొచ్చింది.
ఇరవై ఏండ్లుగా దిబ్బకాడ పార పట్టి
రాత్రిపూట గోడకి వీపు ఆనించుకుని కూర్చునే మనిషి.

మొదటిసారి ఎత్తిన దినం ఊరు సగం వచ్చింది.
బొచ్చె నిండా పచ్చిపేడ.
మీట లాగితే చేతులు లేచినాయి, మెల్లిగా, మూలుగుతా.
పేడా లేచింది.
దాంతోబాటు వెనకచక్రాలు కూడా లేచినాయి.
గాల్లో ఊరికే తిరగతా ఉండాయి అవి, నేల యాడుందో తెలీక.
యెగసక్కేలు సరేసరి.
"నువ్వూ మీ అత్తా వెనకెక్కండి మేయ్!" అని అరిచినా.
అత్త గొమ్మునుండింది. చెంగమ్మ నవ్వింది,
ఎక్కలేదు.

ఆ సాయంత్రం నూనె పీపా ఒకటి సగానికి కోసి
కంకరా సిమెంటూ కలిపి పోసినాం ఎదురుబరువుకి.
తడి ఆరకముందు చెంగమ్మ వచ్చి
అంచు అరిగి అర్ధచంద్రమైన తన పారని
పిడి విరిచి, రేకు దిగేదాకా తొక్కింది అందులో.
ఏమీ అన్లేదు. కాలు కడుక్కుని లోపలికి పోయింది.

ఇప్పుడు దిబ్బ నలభై నిమిషాల్లో ట్రాలీకెక్కుతాది.
పక్కూరోళ్లు గంటకెంతని అడుగుతా ఉండారు.
చెంగమ్మే నడుపుతాది ఎక్కువ, నాకన్నా నయంగా;
మీట మీద చెయ్యి పెడితే
పాలు పిండేటప్పటి నిదానం.

ఒకటే బాధ.
రాత్రి ఎత్తిపెట్టి పడుకుంటే
తెల్లారేతలికి బొచ్చె నేలమీదుంటాది.
ఎక్కడో ఒక సీలు కారతా ఉంది.
మూడుసార్లు విప్పినాడు దస్తగిరి, దొరకలేదు.
నిన్న చూస్తే అందులో కోడిపెట్ట పొదుగుతా ఉంది.
ఇరవయ్యొక్క దినాలు
బండి తియ్యద్దన్నది చెంగమ్మ.